ఫైరింజన్ ఎక్కడ పోయింది?

మల్లికా,

నీ వ్యాసం అందింది. మొదటిసారి టీ తాగుతూ చదివాను, బాగుందనిపించింది. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివితే హెడ్డింగ్ దగ్గరే ఆగిపోయాను. ‘సంస్కృతే మందు’ అని పెట్టావు. కెనడా ఆదివాసీ యువత ఆత్మహత్యల మీద 1998లో మైకేల్ చాండ్లర్, క్రిస్టఫర్ లాలొండ్ రాసిన పేపర్ గురించి రాసేవాళ్లలో చాలామంది ఈ మాటే అంటారు. ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఆ పేపర్ చదివావా, లేక దాని గురించి ఇంకొకళ్లు రాసింది చదివావా?

ఆ పేపర్ చాలా పేరు తెచ్చుకుంది, దానికి చిక్కొచ్చిందీ అక్కడే. అందులోని ‘సాంస్కృతిక కొనసాగింపు’ అన్న మాట పరిశోధన జరిగిన బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం దాటి, కెనడా దాటి, బయటి దేశాల్లో ఆదివాసీ ఆరోగ్యం మీద జరిగే చర్చల్లోకీ పాకింది. మాట వెళ్లిన చోటికల్లా దాని వెనకున్న పట్టిక వెళ్లలేదు. నీ వ్యాసంలోకీ రాలేదు.

ఆ పట్టిక ఇది. బ్రిటిష్ కొలంబియాలో సుమారు 200 ఫస్ట్ నేషన్స్ (అక్కడి ఆదివాసీ జాతుల) సముదాయాలున్నాయి. 1987 నుంచి 1992 వరకు ఐదేళ్లలో జరిగిన ఆత్మహత్యల వివరాలు తీసుకుని, ఒక్కో సముదాయంలో ఈ కొనసాగింపుకు గుర్తులుగా ఆరు సంగతులు ఉన్నాయా లేవా అని చూశారు. తమ భూమి కోసం ముందునుంచీ దావా నడుపుతున్నారా? ఎంతోకొంత స్వపరిపాలన ఉందా? పిల్లల్లో ఎక్కువమంది సొంత బడికే వెళ్తున్నారా? వైద్య సేవల మీద వాళ్లకు అజమాయిషీ ఉందా? పోలీసు, ఫైర్ సర్వీసుల మీద? ఇక ఆరోది, సాంస్కృతిక కార్యక్రమాలకు ఊరుమ్మడి భవనం ఉందా? ఆరూ ఉన్న చోట ఆ ఐదేళ్లలో ఒక్క యువ ప్రాణమూ ఇలా పోలేదు. ఒక్కటీ లేని చోట యువత ఆత్మహత్యల రేటు లక్షకు 137.5.

ఆరింటిలో మనం మామూలుగా సంస్కృతి అనుకునేది ఒక్కటే. మిగతా ఐదూ ఎవరి పెత్తనం నడుస్తోందన్న లెక్క. నువ్వేమో డప్పులు రాశావు, నాట్యాలు రాశావు, ఈకల తలపాగా కూడా రాశావు. ఫైరింజన్ ఎక్కడ పోయింది? నిజానికి ఈ కథంతా అక్కడే ఉంది. 1876 నాటి ఇండియన్ చట్టంతో ప్రభుత్వం వాళ్ల చేతుల్లోంచి లాక్కున్నవి ఇవే కదా. పిల్లల్ని ఇళ్లనుంచి తీసుకుపోయి రెసిడెన్షియల్ స్కూళ్లలో పెట్టారు. పశ్చిమ తీరంలో వాళ్లు అందరికీ కానుకలు పంచే పాట్‌లాచ్ వేడుకను 1885 నుంచి 1951 వరకు నేరంగా చూశారు. ఇది రాయకుండా సంస్కృతి గురించి రాస్తే, వాళ్లే ఏదో మర్చిపోయారన్నట్టు ఉంటుంది.

2013 అక్టోబరులో బ్రిటిష్ కొలంబియాలోని ఫస్ట్ నేషన్స్ వైద్య సేవలు కేంద్ర ప్రభుత్వం నుంచి వాళ్ల సొంత సంస్థ చేతికి వచ్చాయి. దీన్ని వ్యాసంలో పెట్టు. అయితే ఆ పేపర్ వల్లే వచ్చిందని రాయకు. దశాబ్దాల పాటు ఆ జనం చేసిన పోరాటాన్ని ఇద్దరు ప్రొఫెసర్ల ఖాతాలో వేసినట్టవుతుంది.

చాండ్లర్ ఈ ప్రశ్న దగ్గరికి ఎలా వచ్చాడో కూడా ఓ పేరా రాయి. ఆయన టీనేజీ పిల్లల మీద పనిచేసిన సైకాలజిస్టు. కథలో మనిషి పూర్తిగా మారిపోయే బొమ్మల పుస్తకాలు చూపించి, “మొదట్లో ఉన్నవాడూ చివర్లో ఉన్నవాడూ ఒకడేనా? ఎలా చెప్పగలవు?” అని అడిగేవారు. చాలామంది పిల్లలు ఏదో ఒక కారణం చెప్పేవాళ్లు. చావు ఆలోచనలతో ఆస్పత్రిలో చేరిన పిల్లల్లో ఎక్కువమంది ఏ కారణమూ చెప్పలేకపోయారు. రేపటి నేను కూడా నేనే అన్న నమ్మకం తెగిపోతే ఏమవుతుంది, ఒక ఊరికి ఊరే ఆ స్థితిలో పడితే ఏమవుతుంది అన్నది అక్కడినుంచి మొదలైంది. నాకైతే పట్టిక కన్నా ఇదే ఎక్కువ గుర్తుండిపోయింది.

‘ఆదివాసీల్లో ఆత్మహత్యలు ఎక్కువ’ అన్న నీ మొదటి వాక్యం తీసెయ్. సగటు చూస్తే అబద్ధం కాదు. కానీ ఈ పరిశోధన చెప్పిందే ఆ సగటు ఏ ఊరికీ సరిపోదని. సగానికి పైగా సముదాయాల్లో ఆ ఐదేళ్లలో యువత ఆత్మహత్యలే లేవు.

నేనూ ఈ తప్పు చేసినవాణ్నే. చాలా ఏళ్ల కింద పాడేరు వైపు జ్వరాల మీద ‘ఏజెన్సీ విలవిల’ అని రాశాను. మండలం మొత్తం లెక్క ఇచ్చాను. తర్వాత మళ్లీ వెళ్తే, ఒక పెద్దాయన చొక్కా జేబులోంచి నా వార్త మడత విప్పి చూపించాడు. “ఇందులో మా ఊరు ఏది బాబూ?” అన్నాడు. వాళ్ల ఊళ్లో ఆ ఏడు ఒక్కరూ పోలేదట. ఎందుకు పోలేదో అడగాలని నాకు తట్టలేదు. చావులు జరిగిన ఊళ్లకే వెళ్లాను మరి.

లెక్కల దగ్గర ఇంకో జాగ్రత్త. 200 మంది ఉన్న ఊళ్లో ఏడాదికి ఒక్కరు పోయినా లక్షకు 500 అని తేలుతుంది. మర్నాడే ‘భయానక రేటు’ అని హెడ్డింగ్ పడుతుంది. అందుకే వాళ్లు ఐదేళ్లు కలిపి చూశారు. అయినా ఇది కలిసి కనిపించే సంబంధమే, కారణమని తేలినట్టు కాదు. బాగున్న ఊరు కాబట్టే బడి నడుపుకోగలిగిందేమో అని ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్న న్యాయమైనదే. దాన్ని వ్యాసంలో నువ్వే ముందు అడుగు.

ఇక మాటలు. ‘రెడ్ ఇండియన్లు’ కొట్టేశాను. ‘బ్యాండ్’ని తెగ అన్నావు, కాదు. అది ఇండియన్ చట్టం పెట్టిన పాలనా విభాగం, ఒకే జాతివాళ్లకు చాలా బ్యాండ్లు ఉండొచ్చు. ‘ఆత్మహత్యకు పాల్పడ్డారు’ అని నాలుగు చోట్ల ఉంది. మనం దొంగతనానికి పాల్పడ్డాడంటాం, మోసానికి పాల్పడ్డాడంటాం. చచ్చిపోయిన పిల్లవాడికి ఆ క్రియ ఎందుకు? ‘ఆత్మహత్య చేసుకున్నారు’ చాలు. ఎలా చేసుకున్నారో రాసిన రెండు వాక్యాలు కూడా తీసేశాను, మళ్లీ చేర్చకు.

పెన్సిల్ గీతలున్న కాపీ పోస్టులో పంపుతున్నాను. పేపర్ చదివాక హెడ్డింగ్ మార్చి నాకు పంపు, ఈసారి ఫైర్ సర్వీసు రెండో పేరాలోకైనా రావాలి.

ఇట్లు,
మీ మాస్టారు