ఏఐ రిపోర్టు ‘నార్మల్’ అంది.. పగటి నిద్ర మాత్రం తగ్గలేదు!

ప్రశ్న: మావారికి 48 ఏళ్లు. గురక ఎక్కువ. నిద్రలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తారు. రెండు రకాల మందులు వాడుతున్నా బీపీ అదుపులోకి రావడం లేదు. ఇంట్లోనే వేలికి, ముక్కుకి, ఛాతీకి పరికరం అమర్చి స్లీప్ టెస్ట్ చేశారు. ఏఐ ఇచ్చిన రిపోర్టులో ఏహెచ్‌ఐ 4, నార్మల్ అని ఉంది. కానీ బండి నడుపుతున్నప్పుడు కూడా ఆయనకు కునుకు వస్తోంది. ఈ రిపోర్టును నమ్మవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, అన్నిటికంటే ముందు, ఈ సంగతి తేలేవరకు మీవారిని బండి నడపనివ్వకండి. ఇక రిపోర్టు విషయానికొస్తే, మీరు రాసిన లక్షణాలన్నీ స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి పదేపదే ఆగిపోయే జబ్బు) వైపే చూపిస్తున్నాయి కాబట్టి, ఈ ఒక్క అంకెను చూసి జబ్బు లేదనుకోవడానికి వీల్లేదు.

నిద్రలో ఊపిరి కనీసం 10 సెకన్ల పాటు ఆగిపోవడం లేదా బాగా తగ్గిపోవడం గంటకు సగటున ఎన్నిసార్లు జరిగిందో చెప్పే లెక్క ఏహెచ్‌ఐ. అది 5 లోపు ఉంటే నార్మల్, 30 లేదా అంతకు మించితే తీవ్రం. ఇంటి దగ్గర చేసే పరీక్షల్లో చాలావాటికి మెదడు తరంగాలను కొలిచే తీగలు ఉండవు. అందువల్ల మనిషి నిజంగా ఎంతసేపు నిద్రపోయాడో తెలియక, పరికరం పనిచేసిన సమయమంతటితో భాగిస్తారు. ఉదాహరణకు రికార్డింగు ఏడున్నర గంటలు సాగి, అందులో 30 సార్లు ఊపిరి అడ్డుపడిందనుకుందాం. లెక్క 4 వస్తుంది. కానీ ఆయన నిద్రపోయింది 5 గంటలే అయితే అదే లెక్క 6 అవుతుంది, అంటే నార్మల్ కాస్తా జబ్బు కిందికి వస్తుంది. రక్తంలో ఆక్సిజన్ పెద్దగా పడిపోకుండా, మెదడు క్షణకాలం మేల్కొనడంతో ముగిసే అడ్డంకులు కూడా ఈ పరీక్షకు దొరకవు. పైగా, ఊపిరి తగ్గిన సందర్భాలను లెక్కించడానికి ఆక్సిజన్ 3 శాతం పడిపోతే చాలని పెట్టారా, 4 శాతం పడాలని పెట్టారా అన్నదాన్ని బట్టి కూడా అంకె మారిపోతుంది.

ఏఐ పనికిరాదని నేను అనడం లేదు. ల్యాబ్‌లో ఒక రాత్రి రికార్డును 30 సెకన్ల ముక్కలుగా విడగొట్టి చదువుతారు. 8 గంటలకు 960 ముక్కలు. టెక్నీషియన్‌కు గంటలు పట్టే ఈ పనిని సాఫ్ట్‌వేర్ నిమిషాల్లో ముగిస్తుంది. అనుభవమున్న ఇద్దరు మనుషులు చదివినా, ముఖ్యంగా నిద్రలోకి జారుకునే తొలి దశ దగ్గర, ఒకరి మాట ఒకరితో కలవని ముక్కలు చాలానే ఉంటాయి. అక్కడ యంత్రం సాయం నిజంగా విలువైనది కనుకనే దాన్ని నేను స్వాగతిస్తాను. అయితే అది తనకు అందిన సంకేతాలను మాత్రమే చదవగలదు. మందులకు లొంగని బీపీ గానీ, మీరు పక్కనే ఉండి కళ్లారా చూసిన ఉలికిపాటు గానీ దానికి తెలియవు. వాటిని ఆ అంకె పక్కన పెట్టి చూడాల్సింది డాక్టరే.

కాబట్టి స్లీప్ మెడిసిన్‌లో శిక్షణ పొందిన డాక్టరును కలవండి. ఒక పేజీ సారాంశం కాకుండా పూర్తి రికార్డింగును ఇచ్చి, దాన్ని ఎవరైనా డాక్టరు స్వయంగా చూశారో లేదో అడగండి. లక్షణాలు బలంగా ఉండి ఇంటి పరీక్ష నార్మల్ అని వస్తే ల్యాబ్‌లో పాలీసోమ్నోగ్రఫీ (మెదడు తరంగాలను కూడా కొలిచే పూర్తి నిద్ర పరీక్ష) చేయాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీవారికి అదే అవసరం. స్మార్ట్‌వాచ్ హెచ్చరించలేదని కూడా ఊరుకోవద్దు.

ఈలోగా ఆయన్ని పక్కకు తిరిగి పడుకోమనండి. మద్యం, సొంతంగా వేసుకునే నిద్రమాత్రలు పూర్తిగా మానాలి. బీపీ మందులు మాత్రం ఆపకూడదు. గురక ఆగి, మళ్లీ ఊపిరి అందుకునే ఘట్టాన్ని ఫోన్‌లో రెండు మూడు నిమిషాలు వీడియో తీసి, డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రిపోర్టుతో పాటు తీసుకెళ్లండి.