సభికుడు మొదట ఎక్కడివాడు?

సందేహం: నేను ఒక పత్రికకు అనువాదాలు చేస్తుంటాను. గోవా క్యాసినోల మీద వచ్చిన ఒక వ్యాసంలో ‘అధికృత జూదశాలలు’ అని రాశాను. మా సంపాదకులు దాన్ని కొట్టేసి ‘గేమింగ్ కేంద్రాలు’ అని మార్చారు. జూదం అంటే నేరమనీ, ప్రభుత్వం లైసెన్సు ఇచ్చాక దాన్ని జూదం అనకూడదనీ ఆయన వాదన. ఎవరిది ఒప్పు? జూదం, పందెం ఒకటేనా? క్యాసినో నడిపేవాడికి తెలుగులో ఒక్క మాట ఏదైనా ఉందా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: మీరు రాసిన రెండు మాటల్లో ‘జూదశాల’ నిలుస్తుంది, ‘అధికృత’ నిలవదు. ఈ అర్థంలో అది హిందీ ప్రకటనల నుంచి మన పత్రికల్లోకి వచ్చి పడింది. సంస్కృతంలో అధికృతుడంటే ఒక పని మీద నియమించిన ఉద్యోగి. మన ఊళ్లలో ఎరువుల కొట్టు పెట్టుకున్న మనిషి కూడా ‘నాకు లైసెన్సు ఉంది’ అంటాడు. ‘లైసెన్సుదారు’ అని దానికి ప్రత్యయం కూడా తగిలించుకున్నాం. అంత ఇంటి మాట అయిపోయినదాన్ని కాదని పొరుగింటికి వెళ్లి ‘అధికృత’ తెచ్చుకోవడం దేనికి? ‘లైసెన్సు ఉన్న జూదశాల’ అంటే ఎవరికైనా తెలుస్తుంది.

ఇక మీ సంపాదకుల వాదన. జూదం అనేది ఒక పని పేరు. ఆ పని చెయ్యవచ్చా, కూడదా అన్నది చట్టం చెబుతుంది, మాట చెప్పదు. గోవాలో క్యాసినోలకు ఆధారమైన చట్టం పేరు చూడండి: 1976 నాటి గోవా, డామన్, డయ్యూ పబ్లిక్ గ్యాంబ్లింగ్ చట్టం. మొదట జూదాన్ని నిషేధించి, తర్వాత 1992లో ఫైవ్ స్టార్ హోటళ్లలో స్లాట్ మెషీన్లకు, 1996లో నీటి మీది ఓడల్లో ఆడే టేబుల్ ఆటలకు సందు ఇచ్చారు. పణజి దగ్గర మాండవి నదిలో నిలిచే ఓడలు ఆ సందులోంచి వచ్చినవే. అనుమతి ఇచ్చిన చట్టమే గ్యాంబ్లింగ్ అని పేరు పెట్టుకుంటే, దానికి మనం తెలుగులో పేరు మార్చడం న్యాయం కాదు.

పైగా ‘గేమింగ్’ అంటే జూదం తప్పుతుందనుకోవడం పొరపాటు. 1867 నాటి ఇంగ్లీషు ప్రభుత్వపు చట్టంలో ‘కామన్ గేమింగ్ హౌస్’ అంటే అచ్చంగా జూదగృహమే. మన రాష్ట్రాల 1974 నాటి గేమింగ్ చట్టంలోనూ ఆ మాటకు పందెం పెట్టి ఆడటమనే అర్థం. ఇప్పుడు పిల్లలు ఫోన్లో కార్లు నడిపే ఆటా గేమింగే, పెద్దలు జీతం పోగొట్టుకునే ఆటా గేమింగే. ఈ కలగాపులగం వల్ల ఎన్ని ఇళ్లు మోసపోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు. పేరు మెత్తబడితే భయం పోతుంది. అందుకే ఈ విషయంలో నేను పట్టుదలగా ఉంటాను.

జూదం అనే మాటా చిన్నది కాదు. ద్యూతం ప్రాకృతం గుండా వచ్చి జూదమైంది. సంస్కృతంలోని ద్య, ధ్యలు ప్రాకృతంలో జకార రూపాలవుతాయి: వైద్యుడు వెజ్జు, ఉపాధ్యాయుడు ఒజ్జ, సంధ్య సంజ. కొన్ని ప్రాకృతాల్లో నడిమి తకారం కూడా జారిపోయి ‘జూఅ’ అయింది. హిందీ వాళ్ల ‘జువా’ దాని బిడ్డ. తెలుగు ఆ తకారాన్ని దకారంగా నిలబెట్టుకుంది. జూదరిలోని ‘అరి’ మన నేర్పరిలో ఉన్నదే అని నాకు తోస్తుంది. ప్రాకృతపు ‘జూదిఅర’ను చూపించి వాదించేవారి మాటను మాత్రం పూర్తిగా తోసెయ్యను. ‘నెత్తము’ అనే పాత మాట కూడా ఉంది, కావ్యాల్లో కనిపిస్తుంది.

అసలు నాకు చెప్పాలని ఉన్నది మీ మూడో ప్రశ్న గురించి. క్యాసినో నడిపేవాడికి ఒక్క మాట ఉందా అన్నారు. ఉంది. అది సభికుడు.

ఉలిక్కిపడకండి. ‘సభికులకు నమస్కారం’ అని ప్రతి వేదిక మీదా వినే సభికుడే. అమరకోశం తీసి చూడండి: ‘సభికా ద్యూతకారకాః’ అని ఉంటుంది. జూదమాడించేవాళ్లు సభికులు. ఎందుకంటే ‘సభ’ పాత అర్థాల్లో జూదమాడే చోటు ఒకటి. ఋగ్వేదంలోని అక్షసూక్తంలో జూదరి ‘గెలుస్తానా’ అని తనను తాను అడుక్కుంటూ పోయేది సభకే. ‘సభామేతి కితవః’ అని అక్కడి మాట. భారతంలో సభాపర్వం అనగానే అందరికీ మయసభ గుర్తొస్తుంది కానీ, హస్తినాపురంలో జూదం కోసమే కట్టించిన రెండో సభ ఒకటుంది. మాట వరకు చూస్తే క్యాసినోదీ ఇదే దారి. ఇటాలియన్‌లో దాని అర్థం చిన్న ఇల్లు. వెనిస్ ప్రభుత్వం 1638లో తన అనుమతితో రిడోట్టో అనే జూదశాల తెరిపించి, 1774లో మూయించింది.

ఆ సభను నడిపే సభికుడికి మన పాత శాస్త్రాలు పెట్టిన నియమాలు చదివితే ఈనాటి లైసెన్సు షరతులు గుర్తొస్తాయి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ద్యూతాధ్యక్షుడనే ఉద్యోగి ఉన్నాడు. జూదమంతా ఒక్క చోటే జరగాలి, వేరే చోట ఆడితే పన్నెండు పణాల జరిమానా. రహస్యంగా బతికే దొంగలను పట్టుకోవడానికి ఈ ఏర్పాటు అని కారణం కూడా చెప్పాడు. గవ్వలు, పాచికలు అధ్యక్షుడే మంచివి ఇవ్వాలి. వాటిని ఎవరైనా మార్చితే మళ్లీ పన్నెండు పణాలు. గెలిచిన సొమ్ములో నూటికి అయిదు ఆయన తీసుకుంటాడు. పాచికల అద్దె, నీళ్లకూ చోటుకూ రుసుము వేరు.

యాజ్ఞవల్క్యస్మృతి ఇంకా ముందుకు వెళ్లింది. సభికుడు ఓడినవాడి దగ్గర వసూలు చేసి గెలిచినవాడికి ఇవ్వాలి, నిజం పలకాలి, ఓర్పు ఉండాలి. రాజు భాగం రాజుకు ముట్టి, సభికుడు ఉన్న చోట బహిరంగంగా జరిగిన జూదమైతే గెలిచిన సొమ్మును రాజు ఇప్పించాలి, ‘అన్యథా న తు’, లేకపోతే ఇప్పించకూడదు. లైసెన్సు అంటే ఏమిటో ఈ ఒక్క ముక్క చెబుతుంది. రాజు భాగం తీసుకున్నాడు కాబట్టి బాకీ వసూలుకు పూచీ పడ్డాడు. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టంలో పందెపు ఒప్పందం చెల్లదు, గెలిచానని కోర్టుకు వెళ్లి వసూలు చేసుకోలేరు. ఇవాళ లేని ఆ ఆసరా యాజ్ఞవల్క్యుడి నాటి జూదరికి దొరికింది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను మన కేతన పద్యాల్లో తెలుగు చేశాడు. తిక్కనకు దశకుమారచరిత్రను అంకితమిచ్చి ‘అభినవ దండి’ అనిపించుకున్న కేతన ఆయనే.

దండి పేరు వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. ఆయన సంస్కృతంలో రాసిన దశకుమారచరితంలో అపహారవర్మ జూదశాలకు వెళ్లి పదహారు వేల దీనారాలు గెలుస్తాడు. అందులో సగం ‘సభికుడికీ సభ్యులకూ’ ఇచ్చి లేస్తాడు. చూశారా, ఒక్క వాక్యంలో ఇద్దరూ వేరువేరుగా ఉన్నారు! సభ్యుడు అక్కడ కూర్చున్నవాడు, సభికుడు ఆ చోటు నడిపేవాడు.

మృచ్ఛకటికం అనే సంస్కృత నాటకంలో రెండో అంకం నాకు ప్రాణం. పది సువర్ణాలు ఓడిన సంవాహకుడు, సభికుడు మాథురుడికి భయపడి పారిపోతాడు. అడుగుజాడ తెలియకుండా వెనక్కి నడిచి పాడుగుడిలోకి వెళ్లి విగ్రహంలా నిలబడతాడు. మాథురుడు, ఇంకో జూదరి జాడ పట్టి అక్కడికే వస్తారు. విగ్రహం కదలకపోయేసరికి దాని ముందే కూర్చుని పాచికలు వేస్తారు. ఆ చప్పుడు విని సంవాహకుడు ఎంత సేపు ఆగగలడు? ఈ వంతు నాదంటూ బయటికొచ్చి దొరికిపోతాడు. వ్యసనం గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నా ఆ ఒక్క చప్పుడుకు సాటి రావు. చివరికి నాటకంలోని నాయిక వసంతసేన తన కడియం పంపి అతని బాకీ తీర్చింది. అతను భిక్షువయ్యాడు.

సభికుడి విలువ భారతంలో మరోలా తెలుస్తుంది. హస్తిన సభలో వేల మంది ఉన్నారు, సభికుడు మాత్రం లేడు. పాచికలు ఒక పక్షానివి, పందెం దుర్యోధనుడిది, ఆడేది శకుని. ఒకరి కోసం మరొకరు ఆడటం సరి కాదని ధర్మరాజు మొదట్లోనే అన్నాడు. ఆ మాట పట్టించుకుని ఆట ఆపే మధ్యవర్తి అక్కడ ఎవరూ లేరు. నియంత్రణ లేని జూదం అంటే నాకు ఎప్పుడూ ఆ సభే కళ్ల ముందుకు వస్తుంది.

మరి సభికుడు ప్రేక్షకుడు ఎలా అయ్యాడు? సభ్యుడు అనే మాటను సంఘాలూ శాసనసభలూ తీసుకున్నాయి. కుర్చీల్లో కూర్చున్న జనానికి మాట కరువై, చేతికందిన సభికుడిని వాడేశాం. సభాసదులు, సదస్యులు అనే చక్కటి మాటలు ఉండగా ఇది జరిగింది. నన్ను వేదిక మీదికి పిలిచినప్పుడు నేను ‘సభాసదులారా’ అనే మొదలుపెడతాను. మిగిలినవాళ్లు సభికులారా అంటే తప్పని మాత్రం ఇవాళ తీర్పు చెప్పలేను. లోకం ఒప్పేసుకుంది. కాబట్టి క్యాసినో యజమానిని మీరు సభికుడంటే పాఠకులు అయోమయపడతారు. జూదశాల నిర్వాహకుడు అనండి.

పందెం మాట. మనువు ప్రాణం లేని వస్తువులతో ఆడేది ద్యూతమనీ, ప్రాణులతో ఆడించేది సమాహ్వయమనీ విడదీశాడు. పల్నాటి కోడిపందెం సమాహ్వయం. తెలుగులో పందెం ఒడ్డిన సొమ్మూ అవుతుంది, పోటీ కూడా అవుతుంది. మన రాజ్యాంగం రాష్ట్రాల జాబితాలో, 34వ అంశంగా, పందేలూ జూదమూ రెండూ పక్కపక్కనే పెట్టింది.

పేకాట దగ్గర నేనూ కాస్త తడబడతాను. సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో 1967లో సుప్రీంకోర్టు, రమ్మీలో ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పడెయ్యాలో తెలియాలి కాబట్టి అది ప్రధానంగా నేర్పు ఆట అంది. మూడు ముక్కలాట కేవలం అదృష్టమంది. ఆ లెక్కన రమ్మీని జూదం అనకూడదు. కానీ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నేర్పా, అదృష్టమా అని చూడకుండా ఆన్‌లైన్ డబ్బు ఆటలన్నిటినీ నిషేధించింది. ‘దివ్’ ధాతువుకు పాణినీయులు చెప్పిన అర్థాల్లో మొదటి మూడూ క్రీడ, గెలవాలన్న కోరిక, వ్యవహారం. ద్యూతం పుట్టింది ఆ ధాతువు నుంచే. ఆట, ఆశ, లావాదేవీ మూడూ కలిసిన చోట నేను జూదమనే రాస్తాను. రమ్మీ గురించి వార్త రాసేటప్పుడు కోర్టు మాటను గౌరవించి మీరు ‘పందెపు ఆట’ అన్నా అభ్యంతరం లేదు.

మీ వాక్యం మాత్రం ఇలా పంపండి: ‘మాండవి నదిలోని లైసెన్సు ఉన్న జూదశాలలు’. సంపాదకులు అప్పటికీ ఒప్పుకోకపోతే ‘క్యాసినోలు’ అని వదిలేయండి. ఆ మాట కనీసం తన పని దాచుకోదు. ‘గేమింగ్ కేంద్రాలు’ అని మాత్రం అచ్చు వెయ్యనివ్వకండి.