యూరప్ కార్బన్ పన్ను మన చిన్న యూనిట్ల మీద ఎలా పడుతుంది?

మీ ప్రశ్న ఇదీ: మీ బాబాయికి జీడిమెట్లలో బోల్టులు, నట్లు చేసే చిన్న యూనిట్ ఉంది, కార్బన్ లెక్కలు పంపకపోతే ఆర్డర్ ఇవ్వనని జర్మనీ పార్టీ అంటోంది, ఇది నిజంగా పర్యావరణం కోసమా, మన సరుకును ఆపడానికి వేసిన ఎత్తా? నేను చర్లపల్లిలో ఇలాంటి యూనిట్‌లోనే ఎక్స్‌పోర్ట్ కాగితాలు, అకౌంట్స్ చూస్తాను. ఈ కార్బన్ పన్నునే సీబామ్ అంటారు, ఆ షీట్లు మొదలైనప్పటి నుంచి నింపుతున్నది నేనే. నాకు అర్థమైన ముఖ్య విషయం ముందే చెప్పేస్తాను. పన్ను సంగతి తర్వాత, మా లాంటి వాళ్ళ నడుం విరగ్గొడుతున్నది లెక్క నిరూపించే ఖర్చు. ఆ ఖర్చు యూరప్ వాళ్ళది కాదు, పెద్ద స్టీల్ కంపెనీలది కాదు, గొలుసులో అందరికన్నా చివర ఉన్న చిన్న యూనిట్‌ది.

యూరప్‌లో ఫ్యాక్టరీలు 2005 నుంచి తాము వదిలే కార్బన్‌కు ధర కడుతున్నాయి. అక్కడ ఉక్కు ఖరీదైతే బయటి నుంచి చవక ఉక్కు వచ్చిపడుతుంది, ఫ్యాక్టరీలు దేశం దాటిపోతాయి, పొగ మాత్రం తగ్గదు అని వాళ్ళ భయం. అందుకే ఇన్నాళ్ళూ తమ ఉక్కు కంపెనీలకు కార్బన్ వదిలే కోటా చాలావరకు ఉచితంగా ఇచ్చారు. ఇప్పుడు ఆ ఉచిత కోటాను దశలవారీగా తగ్గించి 2034కి సున్నా చేస్తారు, అది తగ్గేకొద్దీ బయటి సరుకు మీద భారం పెరుగుతుంది. ఉక్కు, అల్యూమినియం, సిమెంట్, ఎరువులు, హైడ్రోజన్, కరెంటు దీని కిందకి వస్తాయి. బోల్టులు, నట్లు, స్క్రూలు ఉండే 7318 కస్టమ్స్ కోడ్ కూడా జాబితాలో ఉంది, మీ బాబాయి దగ్గరికి ఆ ఈమెయిల్ రావడానికి కారణం అదే. 2023 అక్టోబర్ నుంచి 2025 డిసెంబర్ దాకా లెక్కలు ఇవ్వడం మాత్రమే, డబ్బు లేదు. 2026 జనవరి 1 నుంచి వెళ్ళే సరుకుకు డబ్బు కూడా కట్టాలి.

చట్టం ప్రకారం కట్టాల్సింది అక్కడి దిగుమతిదారు. కానీ బేరంలో ఏం జరుగుతుందో వ్యాపారం చేసేవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు, "మీ ధరలో అంత తగ్గించండి" అంటారు. టన్ను సరుకు వెనక రెండున్నర టన్నుల కార్బన్ డయాక్సైడ్ ఉందనుకుందాం, కార్బన్ ధర టన్నుకు 70 యూరోలు అనుకుందాం. ఉచిత కోటా పూర్తిగా పోయిన రోజున టన్ను సరుకు మీద 175 యూరోలు. బోల్టుల్లో మిగిలే మార్జిన్ ఎంతో మీ బాబాయిని అడగండి.

ఇక రుజువు సంగతి. బోల్టు వెనక ఉన్న కార్బన్‌లో మన షెడ్డులో పుట్టేది చాలా తక్కువ. బోల్టుకు తల కొట్టే హెడ్డింగ్, మరలు తీసే థ్రెడ్ రోలింగ్ కరెంటు మీద నడుస్తాయి, హీట్ ట్రీట్‌మెంట్ ఫర్నేస్‌లో కొంత గ్యాసో డీజిలో కాలుతుంది, అంతే. అసలు భారమంతా మనం కొనే వైర్ రాడ్‌లో, అంటే చుట్టలుగా వచ్చే ఉక్కు కడ్డీలో ఉంటుంది, అది బ్లాస్ట్ ఫర్నేస్‌లో తయారైందా, బొగ్గుతో చేసిన స్పాంజ్ ఐరన్ నుంచి వచ్చిందా, తుక్కు కరిగించి చేసిందా అన్నదాన్ని బట్టి అంకె ఎక్కడి నుంచి ఎక్కడికో మారిపోతుంది. తుక్కుకు యూరప్ లెక్కలో కార్బన్ సున్నా. మన దేశంలో సగటున టన్ను ఉక్కుకు సుమారు 2.5 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది, ప్రపంచ సగటు సుమారు రెండు టన్నులే.

మరి ఆ రాడ్ మనం ఎక్కడ కొంటాం? నేరుగా మిల్లు దగ్గర కొనేంత పరిమాణం మనకుండదు. స్టాకిస్టు దగ్గర కొంటాం, అతను ఇంకొకరి దగ్గర, కాయిల్ మీది ట్యాగ్ మన దాకా వచ్చేసరికి ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. మా స్టాకిస్టును ఈ లెక్క అడిగితే మిల్ టెస్ట్ సర్టిఫికెట్ పంపాడు. అందులో ఉన్నది ఉక్కులోని కార్బన్ శాతం, దానితో ఇక్కడ పనేం లేదు. అతని తప్పూ లేదు, అతన్ని అంతకుముందు ఎవరూ ఇది అడగలేదు. తర్వాత మిల్లుకు రాస్తే జవాబు రాలేదు, నెలకు కొన్ని టన్నులు కొనే వాళ్ళకు జవాబిచ్చే తీరిక ఎవరికుంటుంది. పెద్ద కంపెనీలకు సొంత ల్యాబులు, కన్సల్టెంట్లు, ఏడాది రిపోర్టులు అన్నీ ఉంటాయి. మన అంకె మనం ఇవ్వలేకపోతే యూరప్ వాళ్ళే ఒక డీఫాల్ట్ అంకె వేస్తారు, అది కావాలనే ఎక్కువగా పెట్టి ఉంటుంది. అంటే తుక్కు ఉక్కుతో శుభ్రంగా పని చేసిన చిన్న యూనిట్ కూడా కాగితం లేదన్న ఒక్క కారణంతో మురికి సరుకు రేటు కట్టాలి. నన్ను బాధపెట్టేది ఇదే. 2026 నుంచి సొంత అంకె ఇస్తే దాన్ని గుర్తింపు పొందిన వెరిఫయర్ వచ్చి ధ్రువీకరించాలి, ఆ ఫీజు లక్ష టన్నులు చేసేవాడికి లెక్కలోకే రాదు, మనకు ఒక ఆర్డర్ లాభం పోతుంది.

"యాభై టన్నుల లోపు మినహాయింపు ఇచ్చారటగా" అని చాలామంది అడుగుతున్నారు. 2025లో మార్పు తెచ్చిన మాట నిజమే, కానీ ఆ యాభై టన్నులు అక్కడి దిగుమతిదారు ఏడాదికి తెప్పించుకునే మొత్తం సరుకుకు. మీ బాబాయి పంపేది అయిదు టన్నులే అయినా, ఆ జర్మనీ పార్టీ అన్ని దేశాల నుంచీ కలిపి యాభై దాటితే మీ అయిదు టన్నులకూ లెక్క చెప్పాల్సిందే. మనం చిన్నవాళ్ళమా కాదా అని వాళ్ళు చూడరు.

ఇంకో మాట, షెడ్డు మీద సోలార్ పెట్టిస్తే సీబామ్ తగ్గుతుందని చెప్పి అమ్ముతున్నారు. సోలార్ పెట్టుకోండి, కరెంటు బిల్లు తగ్గుతుంది, గాలికీ మంచిదే. కానీ ఉక్కు సరుకు విషయంలో ప్రస్తుతానికి డబ్బు లెక్కలోకి వచ్చేది నేరుగా వెలువడే కార్బన్ మాత్రమే, కరెంటు వెనక ఉన్నది కాదు. సిమెంట్, ఎరువుల వాళ్ళకైతే కరెంటు కూడా లెక్కే.

ఇది న్యాయమా అంటే, కాదనే అంటాను. 1992లో రియోలో అన్ని దేశాలూ కూర్చుని రాసుకున్న ఒప్పందంలో బాధ్యత అందరిదీ, కానీ అందరికీ సమానం కాదు అని స్పష్టంగా ఉంది. మన దేశంలో మనిషికి ఏడాదికి రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్, అమెరికాలో సుమారు పద్నాలుగు. ఇప్పటిదాకా గాలిలో చేరిందాంట్లో దాదాపు నాలుగో వంతు అమెరికా ఒక్కదానిదే, ఆ అమెరికాలో దేశమంతటికీ వర్తించే కార్బన్ పన్ను ఇప్పటికీ లేదు. 2009లో కోపెన్‌హాగన్ వాతావరణ సదస్సులో ధనిక దేశాలు పేద దేశాలకు 2020 నాటికి ఏటా పది వేల కోట్ల డాలర్లు ఇస్తామన్నాయి, వాళ్ళ లెక్కల ప్రకారమే అది 2022లో గానీ పూర్తి కాలేదు, అందులోనూ ఎక్కువ భాగం అప్పులు. 2024లో బాకూ సదస్సులో 2035 నాటికి ఏటా ముప్ఫై వేల కోట్ల డాలర్లు అని తేల్చేస్తే మన ప్రతినిధి చాందినీ రైనా అక్కడే లేచి మేం దీనికి ఒప్పుకోం అని చెప్పింది, ఆ రోజు నాకు చాలా గర్వంగా అనిపించింది. సీబామ్‌లో వసూలయ్యే డబ్బు కూడా యూరప్ ఖజానాలకే పోతుంది. అందులో కొంతైనా చర్లపల్లిలోనో లూథియానాలోనో ఫర్నేస్ మార్చుకునే వాడికి వస్తే ఇది పర్యావరణ చట్టం అని నేనే ఒప్పుకునేవాణ్ణి.

పైగా లెక్క ఎప్పుడూ తయారైన చోట రాస్తారు, వాడిన చోట రాయరు. పటాన్‌చెరు చూడండి. ప్రపంచమంతా వాడే చవక మందులు అక్కడ తయారయ్యాయి, నక్కవాగు పాడైంది. 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్ళలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రచురించారు. ఆ మందు బిళ్ళ ధరలో ఆ వాగు పక్క రైతు నష్టం ఎక్కడా లేదు.

అయినా ఇదంతా బూటకం, వాతావరణ మార్పు తెల్లవాళ్ళ నాటకం అనే వాదన నాకు నచ్చదు, ఎందుకంటే ఎండ పెరిగితే ముందు పడిపోయేది రేకుల షెడ్డులో ఫర్నేస్ దగ్గర నిలబడే మా కుర్రాళ్ళే. 2020 అక్టోబర్‌లో మా పక్కనే ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది. వాన తీరు ఇలా మారితే నష్టపోయేది మనమే, కాబట్టి కార్బన్‌కు ధర ఉండాలి. కాకపోతే ఆ డబ్బు ఇక్కడే వసూలై ఇక్కడే ఖర్చు కావాలి. ఇక్కడ కట్టిన కార్బన్ ధరను అక్కడ తగ్గించుకోవచ్చని సీబామ్ చట్టంలోనే ఉంది. మన దగ్గర 2010లో బొగ్గు మీద టన్నుకు 50 రూపాయల సెస్ పెట్టారు, 2016కి 400 అయింది, శుభ్రమైన ఇంధనం కోసం అన్నారు. 2017లో జీఎస్‌టీ వచ్చాక అది రాష్ట్రాల పరిహారం ఖాతాలో కలిసిపోయింది. 2023లో కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ స్కీమ్ నోటిఫై చేశారు, మంచిదే, కానీ అది పెద్ద ప్లాంట్ల కోసం. ప్రతి మిల్లూ హీట్ నంబరు (ఒక్కో విడత కరిగించిన ఉక్కుకు ఇచ్చే నంబరు) వారీగా కార్బన్ అంకెను టెస్ట్ సర్టిఫికెట్ మీదే ముద్రించాలని ఢిల్లీ ఒక్క నిబంధన పెడితే మా లాంటి యూనిట్ల కష్టం సగం తీరుతుంది. యూరప్‌తో పోట్లాడటం కన్నా అది తేలిక కూడా.

బాబాయి గారు ఇప్పుడు చేయాల్సింది: రాడ్ కొనేటప్పుడే స్టాకిస్టు బిల్లు మీద మిల్లు పేరు, హీట్ నంబరు రాయించుకోవాలి, కాయిల్ ట్యాగులు ఫొటో తీసి పెట్టుకోవాలి. మిల్లుకు ఒక్కరే రాస్తే పట్టించుకోరు, ఎస్టేట్‌లో అదే మిల్లు రాడ్ వాడే వాళ్ళంతా కలిసి అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద అడిగితే వెంటనే కదులుతారు, మాకు అంకె వచ్చింది అలాగే. ఫర్నేస్ ఇంధనానికి విడిగా రిజిస్టర్ పెట్టాలి. 2026లో పంపిన సరుకు లెక్కను దిగుమతిదారు 2027 సెప్టెంబర్ 30 లోగా దాఖలు చేయాలి, కాబట్టి ఆర్డర్ అయిపోయిందని కాగితాలు పారేయొద్దు. అన్నిటికన్నా ముందు, సీబామ్ ఖర్చు ఎవరు భరించాలో కొనుగోలు ఒప్పందంలో రాయించుకోమనండి, అది రాయకుండా కొత్త ధరకు ఒప్పుకోవద్దనండి.