గీతలు నున్నగా చేసే ఉద్యోగానికి ఫ్యూచర్ ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి సివిల్ డిప్లొమా చేసి, హైదరాబాద్‌లో ఒక జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు తయారుచేసే) కంపెనీలో ట్రైనీగా చేరింది. రోజంతా మ్యాపుల్లో గీతలు, హద్దులు నున్నగా చేయడమే పనట. దీనికి ఫ్యూచర్ ఉంటుందా? మానిపించి బ్యాంక్ కోచింగ్‌లో చేర్పించాలా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ముందు కోచింగ్ సంగతి తేల్చేద్దామమ్మా. బ్యాంకు క్లర్క్ పరీక్ష రాయాలన్నా డిగ్రీ ఉండాలి. డిప్లొమా ఒక్కటే చేతిలో పెట్టుకుని ఇప్పుడు ఫీజు కట్టడం దండగ.

ఇక ఉద్యోగం. మీ అమ్మాయి చేసేదాన్ని స్మూతింగ్ అంటారు. ఉపగ్రహ చిత్రమంటే చిన్న చిన్న గళ్లే. యూరప్ ఉపగ్రహాలైన సెంటినెల్-2 చిత్రాల్లో బాగా స్పష్టంగా ఉండేవాటిలో కూడా ఒక్కో గడి నేల మీద 10 మీటర్లు ఉంటుంది. దాన్నుంచి సాఫ్ట్‌వేర్ చెరువు హద్దు తీస్తే ఒడ్డంతా మెట్లు మెట్లుగా వస్తుంది. ఏ చెరువూ అలా ఉండదు కదా, అందుకే ఆ మెట్లను ఒంపుగా మారుస్తారు. అది బటన్ నొక్కితే అయిపోతుంది. అంతవరకే నేర్చుకుని ఆగిపోతే మాత్రం మీ భయం నిజమే. మైక్రోసాఫ్ట్, గూగుల్ ఇప్పటికే కోట్ల భవనాల హద్దులను యంత్రాలతోనే గీయించి ఉచితంగా ఇచ్చేశాయి.

జీతం పెరిగేది ఏ గీతను ముట్టుకోకూడదో తెలిసినవాళ్లకే. స్మూతింగ్‌కు బాగా వాడుకలో ఉన్న పద్ధతి 1974లో చైకిన్ అనే ఆయన చెప్పింది. ప్రతి గీత మీద రెండు కొసల నుంచీ పావు వంతు లోపలికి చుక్కలు పెట్టి, వాటిని కలుపుతూ మూలలు కోసేస్తుంది. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లోని స్మూత్ టూల్‌లో ఆఫ్‌సెట్ దగ్గర కనిపించే 0.25 ఈ పావే. సరిగ్గా నలుచదరంగా ఉన్న ఎకరం చెక్క మీద దీన్ని ఒక్కసారి నడిపితే నాలుగు మూలలూ తెగి విస్తీర్ణం ఎనిమిదో వంతు తగ్గుతుంది. అంటే 40 గుంటల పొలం మ్యాపులో 35 గుంటలవుతుంది. ఐదు గుంటలు పోతే ఏ రైతైనా ఊరుకుంటాడా? చెరువు ఒడ్డుకు పనికొచ్చేది సర్వే రాళ్ల మధ్య హద్దుకు పనికిరాదు.

ఇంకో తంటా ఉంది. మూడు గ్రామాల పొలిమేరలు కలిసే చోట ఒక్కో గ్రామాన్ని విడిగా స్మూత్ చేస్తే, ఎవరి మూల వాళ్లకు తెగి మధ్యలో ఎవరికీ చెందని ముక్క మిగులుతుంది. ఫైలు క్యూసీ (నాణ్యత తనిఖీ) నుంచి వెనక్కి రావడానికి ఇలాంటి గ్యాపులు, ఓవర్‌ల్యాపులు ఒక కారణం. కాంటూర్ గీతలైతే (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) ఒక్కోసారి ఒకదాన్నొకటి దాటేస్తాయి కూడా. ఒకే చోటికి రెండు ఎత్తులన్నమాట!

కాబట్టి ఆమెను టోపాలజీ రూల్స్ (హద్దుల మధ్య గ్యాపులు, ఓవర్‌ల్యాపులు లేకుండా చూసే నియమాలు), ప్రొజెక్షన్లు (గుండ్రటి భూమిని చదునైన మ్యాపులోకి మార్చే పద్ధతులు) గట్టిగా పట్టుకోమనండి. స్మూత్ చేసే ముందూ తర్వాతా విస్తీర్ణం పోల్చి చూసే అలవాటు చేసుకోవాలి. ఆ పోలిక వందల ఫైళ్ల మీద దానంతటదే నడిచేలా పైథాన్‌లో చిన్న స్క్రిప్ట్ రాయగలిగితే ఇంటర్వ్యూలో చూపించుకోవడానికి అదొక్కటి చాలు. ఆ తర్వాత పోస్ట్‌జీఐఎస్, అంటే మ్యాపుల సమాచారాన్ని దాచుకునే డేటాబేస్ నేర్చుకోవాలి. క్యూజీఐఎస్, పోస్ట్‌జీఐఎస్ రెండూ ఉచితమే. డెహ్రాడూన్‌లోని ఇస్రో సంస్థ ఐఐఆర్‌ఎస్ ఆన్‌లైన్ కోర్సులు కూడా చూడమనండి. ఖరీదైన సాఫ్ట్‌వేర్ కోర్సులకు వేలు పోయనక్కర్లేదు.

డిగ్రీ మాత్రం వదలొద్దు. డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి సీటు తెచ్చుకుంటే బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరవచ్చు. ఆ తర్వాత ఎంటెక్ అనుకుంటే దాని ప్రవేశ పరీక్ష గేట్‌లో 2022 నుంచి జియోమాటిక్స్ ఇంజినీరింగ్ (సర్వే, మ్యాపుల రంగం) పేపర్ ఉంది.

ఇప్పటికైతే మానిపించకండి. టీమ్ లీడ్‌ను అడిగి క్యూసీ పనిలోకి మారమనండి. ట్రైనీ గడువు దాటాక కూడా అదే బటన్ దగ్గర కూర్చోబెడితే, అప్పుడు వేరే కంపెనీ చూసుకోవచ్చు.