థ్రాటిల్ ముట్టుకోకపోతే సరిపోతుందా?

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. అమెరికాలో ఉంటున్నాను. మోకాళ్ల నొప్పుల వల్ల ఈ-బైక్ కొనుక్కున్నాను. దగ్గర్లోని ట్రైల్ (నడిచేవాళ్లు, సైకిళ్లు వెళ్లే కాలిబాట) మొదట్లో ‘క్లాస్ 1 ఈ-బైకులకు మాత్రమే అనుమతి’ అని బోర్డు ఉంది. నాది థ్రాటిల్ (తొక్కకుండానే మోటారుతో బండిని నడిపించే మీట) ఉన్న క్లాస్ 2 బండి. థ్రాటిల్ ముట్టుకోకుండా తొక్కుతూ పోతే క్లాస్ 1 కిందకే వస్తుందని స్నేహితుడు అంటున్నాడు. నిజమేనా?

జవాబు: కాదండీ. క్లాస్ బండికి ఇచ్చేది. ఆ పూట మీరెలా నడిపారన్నదాన్ని బట్టి మారదు. ఫ్రేమ్ మీది స్టిక్కర్ చూడండి, క్లాస్ నంబరు, గరిష్ఠ వేగం, మోటారు వాట్లు ఉంటాయి. క్లాస్ 1 మోటారు తొక్కితేనే సాయం చేస్తుంది, గంటకు 20 మైళ్ల దగ్గర ఆగిపోతుంది. క్లాస్ 2కీ హద్దు అదే, కానీ తొక్కకపోయినా పోతుంది. థ్రాటిల్ తీయించుకుంటానంటే ముందు కంపెనీని అడగండి, స్టిక్కర్ కూడా మారాలి.

ఇంకో మాట కూడా చెప్పాలి. నాది క్లాస్ 1 బండే, బోర్డు ప్రకారం తప్పేమీ లేదు. కొత్తల్లో ఒకసారి ఎత్తు ఎక్కుతున్నాను. మలుపు అవతల ఒక పెద్దావిడ కుక్కతో దిగుతున్నారు. మామూలు సైకిల్ ఆ ఎత్తులో దాదాపు నడకలాగే వస్తుంది, దిగేవాళ్లు ఆ అంచనాతోనే ఉంటారు. నేను చప్పుడు లేకుండా 14 మైళ్ల వేగంతో ఎదురుపడ్డాను. ఆవిడ బెదిరిపోయి కుక్కను లాక్కుంటూ బురదలోకి దిగిపోయారు. ఆ ముఖం ఇప్పటికీ మర్చిపోలేదు. అప్పట్నుంచి ఎత్తుల్లో అసిస్ట్ (మోటారు సాయం) బాగా తగ్గిస్తాను, మలుపుకి ముందే బెల్ కొడతాను. గుర్రాలు ఎదురైతే దిగి నిలబడి, పైనున్నవాళ్లను పలకరిస్తాను. మనిషి గొంతు వింటే గుర్రానికి కంగారు తగ్గుతుంది.

ఒక ట్రైల్ రూలు ఇంకోచోట పనికిరాదు. జాతీయ అడవులను చూసుకునే ఫారెస్ట్ సర్వీస్ లెక్కలో క్లాస్ 1 కూడా మోటారు వాహనమే. నేషనల్ పార్కుల్లో 2020 నాటి రూలు ప్రకారం ఎక్కడ అనుమతించాలో ఆ పార్కు సూపరింటెండెంట్ నిర్ణయిస్తారు. అందుకే వెళ్లేముందు ఆ ట్రైల్ చూసుకునే ఆఫీసుకి ఫోన్ చేయండి. మీ మోకాళ్ల సంగతి కూడా చెప్పండి. నడక ఇబ్బందిగా ఉన్నవాళ్లు వాడే మోటారు సాధనాలకు వేరే నిబంధనలున్నాయి, అవి మీకు వర్తిస్తాయేమో అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి.