టార్పాలిన్ల లారీ పక్కన ఒక పూట

"స్వచ్ఛంద సంస్థలో నాలుగేళ్లుగా చేస్తున్నాను. పనంటే ఇష్టమే గానీ పొద్దున లేస్తే ఆఫీసుకి వెళ్లబుద్ధి కావట్లేదు. మానెయ్యమంటారా?" అని మీరు అడిగారు.

సెలవు పెట్టమనీ, ధ్యానం చెయ్యమనీ చాలామంది చెబుతారు. నేనూ ఈ రంగంలోనే ఉన్నాను. నన్ను పీల్చి పిప్పి చేసింది పని కాదు, ఏ విషయం ఎవరు తేల్చాలో ఎవరికీ తెలియకపోవడం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. రెండ్రోజులకి నాలుగొందల టార్పాలిన్లున్న లారీ ఎక్కించి నన్ను భీమిలి వైపు పంపారు. ఏ ఊళ్లో దింపాలంటే మేనేజరు గారు ఒక పేరు చెప్పారు, డైరెక్టరు గారు ఇంకో పేరు. "వెళ్లాక ఫోన్ చెయ్యి, చెబుతాం" అన్నారు. ఫోనెక్కడ? సిగ్నల్ లేదు, కరెంటు లేదు. కూలిన జీడిమామిడి చెట్టు పక్కన లారీ ఆపుకుని మధ్యాహ్నం నుంచి సందె చీకటి దాకా నంబర్లు నొక్కుతూనే ఉన్నాను. తడి దుప్పట్లో పసిబిడ్డని చుట్టుకున్న ఒకావిడ లారీకేసి, నాకేసి చూసి, "ఏటి బాబూ, ఇంకా ఎవుల్నడగాల?" అంది.

తాళ్లు విప్పించి అక్కడే దింపేశాను. టార్చిలైటు వెలుగులో పేర్లు రాసుకుని వేలిముద్రలు తీసుకున్నాను. ఆ మరుసటి వారం "ఎవర్నడిగి దింపావు?" అని ఇద్దరూ విడివిడిగా సంజాయిషీ అడిగారు. తర్వాత కొన్ని నెలలపాటు ఫోన్ మోగితే చాలు, గుండె దడదడలాడేది.

డబ్బు సంగతీ చెప్పాలి. విదేశీ విరాళాల్లో పరిపాలన ఖర్చుల పరిమితిని 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి 50 శాతం నుంచి 20 శాతానికి కుదించారు. దాంతో మనుషులు తగ్గి ఐదుగురి పని ఒక్కరి నెత్తిన పడుతోంది. అడిగితే "ఇది ఉద్యోగం కాదు, సేవ" అంటారు. ఆ మాట అడ్డం పెట్టి ఆదివారాలు లాక్కోవడం అన్యాయం.

అవే ఊళ్లలో పొదుపు సంఘాల ఆడవాళ్లని చూడండి. పది పదిహేను మంది చాప మీద కూర్చుంటారు, ఎవరికెంత అప్పివ్వాలో తేల్చుకుంటారు, తీర్మానాల పుస్తకంలో రాసి అందరూ సంతకాలు పెడతారు. ఆ పుస్తకం రాయడం నేర్పినవాళ్లలో మనలాంటి సంస్థలూ ఉన్నాయి. మా అప్పటి ఆఫీసులో మాత్రం అలాంటిది లేదు. వాట్సాప్‌లో "ఓకే మేడమ్" అని పది మంది పెట్టేవాళ్లు, ఒప్పుకున్నదెవరో మర్నాటికి తేలేది కాదు.

తర్వాత చేరిన చోట పట్టుబట్టి ఆ పుస్తకం పెట్టించాను. నీళ్ల క్యాను పైన గోడకి ఒక కాగితం కూడా అంటించాం: ఖర్చు ఐదు వేల రూపాయల దాకా అయితే ఫీల్డులో ఉన్నవాళ్లు తేల్చాలి, యాభై వేల దాకా మేనేజరు, ఆపైన డైరెక్టరు. విపత్తు వస్తే అక్కడున్న మనిషిదే మాట, లెక్క తర్వాత చూపిస్తే చాలు. రాత్రి పది తర్వాత వచ్చే ఫోన్లు నెల తిరక్కుండానే ఆగిపోయాయి. పని అంతే ఉంది, నిద్ర మాత్రం వచ్చింది.

ఇప్పుడే మానెయ్యకండి. ఈ సోమవారం మీటింగులో మీ మీద పడుతున్న ఒక్క పని తీసుకుని, "ఇది నేనే తేల్చొచ్చా, మిమ్మల్ని అడగాలా?" అని అడిగి, జవాబు కాగితం మీద రాసివ్వమనండి. రాయడానికి ఒప్పుకోకపోతే అప్పుడు రాజీనామా ఇవ్వండి.