స్లీవా, బైపాసా? ముందు ఆ ఛాతీ మంట సంగతి తేలాలి

ప్రశ్న: నా వయసు 43. మాది నర్సంపేట దగ్గర పల్లె. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 94 కిలోలు. ఆరేళ్లుగా షుగర్ ఉంది. మూడు రకాల గోలీలు వాడుతున్నా మూడు నెలల షుగర్ పరీక్షలో 8.9 వచ్చింది. రాత్రిళ్లు గురక, పగలు మోకాళ్ల నొప్పులు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి గోలీలు వారంలో నాలుగైదు రోజులు వేసుకుంటాను. అప్పుడప్పుడు ఛాతీలో మంట, పులితేన్పులు. బరువు తగ్గే ఆపరేషన్ కోసం వెళ్తే హనుమకొండలో ఒక డాక్టర్ స్లీవ్ అన్నారు, హైదరాబాద్‌లో ఇంకొకరు బైపాస్ అన్నారు. కోత లేకుండా బెలూన్ వేయించుకోమని మా ఆడబిడ్డ అంటోంది. దేనికి ఒప్పుకోవాలి?

జవాబు: అమ్మా, 'అప్పుడప్పుడు' అంటూ మీరు తేలిగ్గా రాసిన ఆ ఛాతీ మంట దగ్గరే నేను ఆగిపోయాను. మీకు ఏ ఆపరేషన్ సరిపోతుందో మీ కిలోల కంటే ఎక్కువగా ఆ మంటే చెబుతుంది. మీరు చూపించుకున్న ఇద్దరిలో ఎవరైనా నోట్లోంచి కెమెరా గొట్టం వేసి లోపల చూసే ఎండోస్కోపీ చేశారా? మీరు రాసినదాంట్లో ఆ ఊసు లేదు. చేయకపోతే ఇప్పుడే దేనికీ ఒప్పుకోవద్దు.

ఆపరేషన్ అవసరమా అన్న దాంట్లో నాకు అనుమానం లేదు. మీ బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు లెక్క, 39 దాటింది. షుగర్ లాంటి జబ్బు ఉంటే మన దేశంలో 32.5 నుంచే సర్జరీ గురించి ఆలోచిస్తారు. షుగర్‌నూ బరువునూ తగ్గించే సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. మానేస్తే బరువు చాలావరకు తిరిగొస్తుంది కానీ, మీ షుగర్ డాక్టర్‌ను ఒకసారి అడిగి చూడండి.

స్లీవ్‌లో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం కోసి తీసేస్తారు. సన్నని గొట్టం మిగులుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగం పోతుంది కాబట్టి తిండి మీద ధ్యాస తగ్గుతుంది. పేగుల జోలికి పోరు, అందుకని విటమిన్ల లోటు కాస్త తక్కువ. చిక్కంతా ఆ గొట్టంలో ఒత్తిడితోనే. ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నుతుంది. బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన 30 మిల్లీలీటర్లు పట్టేంత సంచి చేసి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. ఆ సంచిలో ఆమ్లం చాలా తక్కువ ఊరుతుంది, మంట ఉన్నవాళ్లకు ఉపశమనం దొరుకుతుంది.

ఫిన్లాండ్‌లో 240 మందికి ఈ రెండింటిలో ఏదో ఒకటి చేసి పదేళ్ల పాటు గమనించిన ఫలితాలు 2022లో వచ్చాయి. పదేళ్ల తర్వాత ఎండోస్కోపీ చేస్తే స్లీవ్ చేయించుకున్నవాళ్లలో 31 శాతం మందికి అన్నవాహిక దెబ్బతిని కనిపించింది. బైపాస్ వాళ్లలో అది 7 శాతమే. బరువు కూడా బైపాస్‌లో కొంత ఎక్కువే తగ్గింది. షుగర్ విషయంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. కాబట్టి 'ఇది చేయించుకుంటే షుగర్ పూర్తిగా పోతుంది' అని ఎవరు హామీ ఇచ్చినా నమ్మకండి. అయితే మీరింకా ఇన్సులిన్ దాకా పోలేదు. ఏ ఆపరేషన్ అయినా గోలీలు బాగా తగ్గే అవకాశం ఉంది.

అయితే బైపాసే అనుకుంటారేమో, ఆగండి. మీ నొప్పి గోలీల షీటు తిప్పి వెనకవైపు చదవండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్‌లలో ఏ పేరున్నా బైపాస్ తర్వాత అది మీకు పనికిరాదు. సంచికీ పేగుకీ కలిపిన చోట పుండు పడుతుంది, రక్తం కారుతుంది, ఒక్కోసారి చిల్లు కూడా పడుతుంది. చాలా షీట్ల మీద ఎసిక్లోఫెనాక్ పక్కనే పారాసిటమాల్ అని ఉంటుంది. అది చూసి 'జ్వరం గోలీయే కదా' అనుకుని వేసుకుంటారు. ఉత్త పారాసిటమాల్ అయితే ఫర్వాలేదు. ఇంకో మాట, మీ ఛాతీ మంటకు కారణం ఈ గోలీలే అయినా కావచ్చు. షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీలకూ ఇవి మంచివి కావు. ఈ రోజే ఆపి, క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి.

తర్వాత ఎండోస్కోపీ. అన్నవాహిక బాగా ఒరుసుకుపోయి ఉన్నా, జీర్ణాశయం కొంత ఛాతీలోకి జారే హయాటస్ హెర్నియా పెద్దదిగా ఉన్నా నా సలహా బైపాసే. అన్నీ మామూలుగా ఉండి, నొప్పి గోలీలు మానాక మంట కూడా పోతే స్లీవ్‌ను కాదనక్కర్లేదు. అప్పుడు హనుమకొండ డాక్టర్ చెప్పినదాంట్లో తప్పేమీ లేదు.

హైదరాబాద్ డాక్టర్‌ను ఒక ప్రశ్న అడగండి: 'మీరు చెప్పే బైపాస్‌లో ఎన్ని జాయింట్లు?' జాయింట్ అంటే లోపల కలిపి కుట్టే అతుకు. ఒక్క జాయింట్‌తో చేసేది మినీ బైపాస్. మన దగ్గర చాలా చోట్ల అదే చేస్తారు. త్వరగా అవుతుంది, బరువూ బాగా తగ్గుతుంది. కానీ కొందరికి పైత్యరసం పైకి వస్తుంది. మంట ఉన్న మనిషికి నేను రెండు జాయింట్ల బైపాస్‌నే ఎంచుకుంటాను.

కడుపులో పెట్టి ఉబ్బించే ఆ బెలూన్ మాట మరిచిపోండి. సాధారణంగా ఆరు నెలలకు తీసేస్తారు, బరువు మళ్లీ ఎక్కుతుంది. పైగా అది ఉన్నన్నాళ్లు మంట పెరగొచ్చు.

గురక ఉంది కాబట్టి మత్తు ఇచ్చే ముందు నిద్ర పరీక్ష చేయమని అడగండి. ఆపరేషన్ తర్వాత షుగర్ గోలీలు పాత లెక్కన వేసుకోకూడదు. ముఖ్యంగా గ్లిమిపిరైడ్‌తో షుగర్ పడిపోతుంది. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డీ జీవితాంతం వాడాలి. బైపాస్ అయితే ఇందులో అసలు రాజీ లేదు. బైపాస్ తర్వాత సద్దుల బతుకమ్మ నాడు మలీద ముద్ద నోట్లో వేసుకుంటే గుండె దడ, చెమటలు, విరేచనం పట్టుకోవచ్చు. బెల్లం ఒక్కసారిగా పేగులోకి దిగడం వల్ల అలా అవుతుంది.

ఒకటి మాత్రం మీ ఇంట్లోవాళ్లకు కూడా చదివి వినిపించండి. ఆపరేషన్ తర్వాత వాంతులు రోజుల తరబడి ఆగకపోతే, నీరసమని ఊళ్లో గ్లూకోజ్ సీసా ఎక్కించుకోకండి. అప్పటికి ఒంట్లో విటమిన్ బీ1 అడుగంటి ఉండొచ్చు. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినొచ్చు, చూపు చెదరొచ్చు, నడక తూలొచ్చు. ఆపరేషన్ చేసిన సర్జన్‌కు ఫోన్ చేసి, డిశ్చార్జి కాగితాలు పట్టుకుని అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. 'బీ1 ముందు ఇవ్వండి' అని మీరే అడగండి.